బద్దలకూ కూలి

శనివారం పొద్దున సాయి తేజ పెనం మీద అట్టు తిప్పబోతుంటే, ఒక ఊరి ఆడవాళ్ళంతా కలిసి కేక పెట్టినట్టు నా ఫోన్‌లోంచి చప్పుడొచ్చింది. అట్టు సగం మడతపడి పెనం అంచున వేలాడింది.

"ఏమైందే? ఎవరన్న పోయిన్రా?" అన్నాడు అట్లకాడ పైకెత్తి.

"పోవడమేంటి, గెలిచారు! ఉండు, మళ్ళీ పెడతాను, విను."

నాలుకను అటూ ఇటూ ఆడిస్తూ గొంతెత్తి వేసే సంబరపు కేక అది. పెళ్ళిళ్ళకీ, పిల్లలు పుట్టినప్పుడూ వేస్తారట. దాని వెనక రెహెమా గొంతు, ఇంగ్లీషులో, నవ్వుకి మధ్యమధ్య తెగిపోతూ వినిపించింది. "దాదా, ఒప్పుకున్నాడు! ముక్కకి కూడా కూలి ఇస్తానన్నాడు. నువ్వు లేచావా? లేవకపోతే లే!"

దాదా అంటే వాళ్ళ స్వాహిలీలో అక్క. ఆ మాట వినగానే మా ఆయన ఎప్పటి జోకే వేశాడు. "ఈ ఇంట్ల దాదా ఎవరో ఆఫ్రికా దాక తెలిసిపోయింది." మా పెళ్ళయి ఇంకా మూడు నెలలు నిండలేదు కాబట్టి నాకా జోకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తోంది.

రెహెమా ఉండేది నెవాలాలో. టాంజానియా దక్షిణపు కొసన, జీడితోటల మధ్య ఉన్న ఊరు. అక్కడి జీడిపప్పు ఫ్యాక్టరీలో ఆమె పని కోత షెడ్డులో. ఉడికిన గింజని మిషను కత్తి కింద పెట్టి, తొక్క పగలగొట్టి, లోపలి పప్పు తీసే చోటు అది. పనివాళ్ళ కమిటీకి కార్యదర్శి కూడా ఆమే. నేను జెర్సీ సిటీలో నళిని గారి దిగుమతి కంపెనీలో పనిచేస్తున్నాను. సరుకు ఎక్కడి నుంచి వస్తోందో, దాన్ని తీసే చేతులు ఎలా ఉన్నాయో కనుక్కోవడం నా ఉద్యోగం. ఏడాదిగా వారం వారం రెహెమాతో వీడియో కాల్ మాట్లాడుతున్నాను. నా పెళ్ళిచీర రంగు మా ఆయన కంటే ముందు చూసింది ఆమే.

జీడిపప్పు గురించి కాలేజీలో చదువుకున్నది తక్కువ, పుట్టిన ఊళ్ళో నేర్చుకున్నది ఎక్కువ. మాది పలాస. మా వీధి గాలికే కాలిన జీడితొక్క వాసన ఉంటుంది. ఇన్నాళ్ళూ ఆఫ్రికాలో పండిన గింజ తొక్కతో సహా ఓడెక్కి మా ఊరి లాంటి ఊళ్ళకి వచ్చేది. మావాళ్ళు కొట్టి, వలిచి, డబ్బాల్లో పోస్తే మళ్ళీ ఓడెక్కి అమెరికా చేరేది. పండించిన ఊరికి మిగిలేది చెట్టు కింద నీడే. రెహెమా వాళ్ళు ఆ గింజని తమ ఊళ్ళోనే కొట్టుకోవడం మొదలుపెట్టారు.

మొదలుపెట్టాక ఒక్కొక్కటే అడిగారు. వేళ్ళు కాలకుండా చేతి తొడుగులు పోయినేడే వచ్చాయి. పసిపిల్లల తల్లులకి ఒక గది వచ్చింది, అందులో ఉయ్యాల కూడా కట్టారు. కూలి దగ్గరే పీటముడి పడింది. పగలని నిండు పప్పు రాలితేనే కూలి, విరిగితే లేదు. పలాసలో నిండు పప్పుని గుండు అంటాం, రెండుగా విడిపోయినదాన్ని బద్ద అంటాం. ఆ మాటలు నేను రెహెమాకి నేర్పాను, ఆమె "గుండూ" అని సాగదీస్తే ముద్దొస్తుంది. గింజ సరిగ్గా ఉడక్కపోతే ఎంత నేర్పున్న చేతిలోనైనా బద్దలవుతుంది. తప్పు బాయిలర్‌ది, కోత మాత్రం కూలికి.

అందుకే పోయిన నెలంతా ఫ్యాక్టరీలో ప్రయోగం చేశారు. గుండు రాలినా బద్ద రాలినా రోజు కూలి రోజు కూలే. ఇవాళ దాన్ని ఈ పంట కాలమంతా ఇవ్వడానికి ఓనరు ఒప్పుకున్నాడు.

"కానీ దాదా," అంది రెహెమా మెసేజ్ చివర, నవ్వు తగ్గించి, "ఒక షరతు ఉంది. గుండ్లతో పాటు బద్దలు కూడా మీ కంపెనీ కొనాలి. సోమవారం పొద్దున కూలి నోటీసు గేటుకి అంటిస్తాడు. అప్పటికి మీ మేడమ్ మాట రాకపోతే పాత పద్ధతే, మళ్ళీ ఏడాది దాకా."

"అయితే సగం గెలిచిన్రన్నట్టు," అన్నాడు తేజ, చిరిగిన అట్టు తన పళ్ళెంలో వేసుకుని, బాగా వచ్చిన రెండోది నాకు పెడుతూ. పెళ్ళంటే ఇదేనేమో అనిపించింది. మంచి అట్టు మనకొస్తుంది.

"మిగతా సగం మన ఇంటికి లంచ్‌కి వస్తోంది," అన్నాను.

నిజంగానే ఆ మధ్యాహ్నం నళిని గారిని భోజనానికి పిలిచాం. కొత్త కాపురం చూడ్డానికి రావడం ఆవిడకి అదే మొదటిసారి. వెంటనే ఫోన్ చేశాను.

"ఏంటమ్మా దేదీప్యా, లంచ్ క్యాన్సిలా?"

"కాదండీ, స్వీటు ఎక్స్‌ట్రా." సంగతంతా ఒక్క గుక్కలో చెప్పేశాను.

ఆవిడ విన్నారు. టీ చప్పరించిన చప్పుడు వినపడింది. "నాకు రెండు డౌట్లు. కూలి ఎలాగైనా వస్తుందంటే గుండు మీద శ్రద్ధ ఎవరికుంటుంది? ఇంకోటి, ఆ బద్దలు నేనెవరికి అమ్మను? ఇక్కడి స్టోర్ల వాళ్ళకి డబ్బా మూత తీయగానే నెలవంకలు కనపడాలి."

"మొదటి డౌటుకి జవాబు నా దగ్గరుందండీ. ప్రయోగం జరిగిన నెలలో తీసిన పప్పు. శాంపిల్ నిన్న కొరియర్‌లో వచ్చింది. మీరే చూడండి."

"చూశాకే మాట్లాడదాం. గుండ్లు బాగుంటే రెండో డౌటు సంగతి ఆలోచిస్తాను. సొరకాయ మాత్రం వండకు తల్లీ."

ఆ ఉత్సాహంలో బెడ్‌రూమ్‌లోకి పోయి పలాస ఫోన్ చేశాను. మా బెడ్‌రూమ్ కిటికీలోంచి రెండు భవనాల సందున అరచేతి వెడల్పు హడ్సన్ నది కనపడుతుంది. ఆ ముక్క నది మాదే అని ఇద్దరం తీర్మానించుకున్నాం. దాన్ని చూస్తూ పిన్నితో మాట్లాడ్డం నాకిష్టం. మా పిన్ని పప్పు ఫ్యాక్టరీలోనే పనిచేస్తుంది.

"ఏటే గుంటా, పెళ్ళికూతురికి పిన్ని గేపకం వచ్చిందేటి?"

నెవాలా కబురు చెప్పాను. పిన్ని అంతా వింది. వెనక టీవీ మోగుతోంది.

"అయితే ఆ గింజ మన కాడికి రాదన్నమాట," అంది.

ఆ మాట వస్తుందని నాకు తెలుసు. "కొంత తగ్గుతుంది పిన్నీ. వాళ్ళ గింజ కదా."

"ఆల్ల గింజే. కాదన్నానేటి? ఓడలు తగ్గితే మా ఓనరు ఏడుస్తాడు, ఏడవనీ. మన ఉద్దానం జీడితోటలు నేవేటి? తుపానుకి పోయినా మళ్ళీ నాటినారు, కాపుకొచ్చేసినాయి." టీవీ గొంతు తగ్గింది. "అది సరేగానీ, ముక్కకి కూడా కూలన్నావా? నిజివేనా?"

"సోమవారం తేలుతుంది."

"తేలినాక ఆ నోటీసు ఫొటో తీసి నాకంపు. మా మేస్త్రీ మొకం ముందెట్టి అడుగుతాను. ఆల్లకిచ్చినప్పుడు మాకెందుకియ్యవురా అని. ఆల్లు గెలిస్తే మాకు దారి పడ్డట్టే. ఉంటానే, చారు పొంగుతంది."

అంతే, పెట్టేసింది. నేను నా ముక్క నదిని చూసి నవ్వుకున్నాను. ఇప్పుడు ఇద్దరి కోసం గెలవాలి. నాకేమీ బరువుగా అనిపించలేదు. శాంపిల్ ఉందిగా.

వంటింట్లోకి వచ్చేసరికి తేజ కిందే బాసింపట్టు వేసుకుని కూర్చుని, ముందు పెద్ద స్టీలు పళ్ళెం పెట్టుకుని, ఏదో కూనిరాగం తీస్తున్నాడు. రెండు బొటనవేళ్ళూ చకచకా ఆడుతున్నాయి.

"ఏం చేస్తున్నావు?"

"జీడిపప్పు విడదీస్తున్న. మేడమ్ వస్తున్నరు కదా, బగారన్నంల, పాయసంల వేద్దామని."

"ఎక్కడిదది?"

"ఫ్రిజ్ పక్కకు ఉండె. మస్తుంది పప్పు. ఒక్క పురుగు లేదు దీపూ! అన్ని చూసిన."

"అన్నీనా?"

"ఒక్కటి గూడ విడువలే," అన్నాడు, మెచ్చుకుంటానని ఆశగా చూస్తూ. "మా అమ్మ చెప్తది. విడదీసి లోపట చూడకుండ వేస్తే, వచ్చినోళ్ళకు పురుగు పెట్టినట్టే."

కత్తిరించిన కొరియర్ ప్యాకెట్ పక్కనే పడి ఉంది. నెవాలా అని రెహెమా చేత్తో రాసిన చీటీ దాని మీద అలాగే ఉంది. నేను కూడా నేల మీద చతికిలబడ్డాను. రెహెమా వాళ్ళు నెల రోజులు జాగ్రత్తగా పగలకుండా తీసిన గుండ్లన్నిటినీ మా ఆయన ఒక్క ఫోన్ కాల్‌లో బద్దలు చేసేశాడు.

చెప్పాను. అతని మొహం పెనం మీది మొదటి అట్టులా అయిపోయింది.

"ఇప్పుడే ఉరుకుత. కింద షాపుల గుండ్లు దొరుకుతయ్ కదా?"

"అవి నెవాలావి కావు. అబద్ధం చూపించి వాళ్ళ కూలి అడగను."

"కరెక్టే." కాసేపు తల గోక్కున్నాడు. "సారీ దాదా."

ఆ ఒక్క మాటకి నాకు నవ్వాగలేదు. పసుపుతాడు స్వెటర్‌లో చిక్కుకునేంతగా నవ్వాను. కళ్ళు తుడుచుకుంటూ పళ్ళెం వైపు చూశాను. చూస్తూ ఉండిపోయాను.

మా అమ్మ విడదీస్తుంది. పిన్ని విడదీస్తుంది. కరీంనగర్‌లో అత్తయ్య గారు విడదీస్తారు. అత్తయ్య గారి కొడుకు ఇదిగో, అమెరికా వచ్చినా విడదీస్తున్నాడు. నిండు పప్పే కావాలని ఎక్కువ పెట్టి కొంటాం, ఇంటికి తెచ్చి మొదట చేసే పని దాన్ని రెండు చేయడం. మరి ఆ రెండు చేసిన పప్పుకి కూలి లేదంటున్నది ఎవరి కోసం?

మా అపార్ట్‌మెంట్ తెలుగు ఆడవాళ్ళ గ్రూపులో అడిగాను. పాయసంలో జీడిపప్పు ఎలా వేస్తారు?

"విడదీసి," అంది కింది ఫ్లోర్ సాయి ప్రియ. "బద్దలు చేసి, నేతిలో." "స్ప్లిట్ చేసి. వై, ఇంకో వే ఉందా?" అంది ఇక్కడే పుట్టిన సాన్వి. ఎవరో ఆంటీ పెద్ద అక్షరాల్లో పెట్టారు: "పురుగు చూడకుండా ఎలా వేస్తావే, పెళ్ళయింది కదా, ఇంకా తెలీదా!"

"చూసినవా?" అన్నాడు తేజ, పోయిన మానం తిరిగొచ్చినట్టు. "నా తప్పేం లేదు. జాతి మొత్తం గిదే పని చేస్తది."

"లే. బగారన్నం పెట్టు. ఈ బద్దలే వేద్దాం. సగమే వెయ్యి."

ప్యాకెట్ దులిపితే మూలల్లో ఇరుక్కున్న గుండ్లు గుప్పెడు రాలాయి. మా పెళ్ళికి వచ్చిన వెండిగిన్నె మొదటిసారి బయటికి తీసి, అందులో పోశాను.

నళిని గారు చామంతి కుండీతో వచ్చారు. మా ముక్క నదిని చూసి "పర్లేదు, వాటర్ వ్యూ," అన్నారు. నేను ముందే చెప్పేశాను. "మీ శాంపిల్ మా ఆయన విడదీసేశాడండీ. సగం బగారన్నంలో ఉంది. మిగతా సగం ఈ పళ్ళెంలో. ఈ గిన్నెలో ఉన్నవే గుండ్లు."

ఆవిడ తేజని కింది నుంచి పైదాకా చూశారు. "ఏం చదివావు బాబూ?"

"కంప్యూటర్ సైన్స్ మేడమ్."

"అందుకే."

భోజనం బాగా కుదిరింది. ఆవిడ రెండోసారి వడ్డించుకున్నారు కూడా. తర్వాత సోఫాలో కూర్చుని, వెండిగిన్నె దగ్గరికి లాక్కుని, "ఇప్పుడు చెప్పు," అన్నారు. ప్రయోగం నెలలో షెడ్డు ఎలా నడిచిందో, కూలి కోత భయం లేకపోతే చేతులు ఎంత నిదానంగా పడ్డాయో, రెహెమా చెప్పిందంతా చెప్పాను. ఆవిడ తల ఊపుతూ వింటున్నారు. నేను చెబుతున్నాను. తేజ మాత్రం నా మాటలు వదిలేసి ఆవిడ చేతుల వంకే చూస్తున్నాడు.

"మేడమ్," అన్నాడు మెల్లగా. "మీరు గూడ..."

నళిని గారు ఒళ్ళోకి చూసుకున్నారు. చీర కొంగు మీద బద్దలు వరసగా పడి ఉన్నాయి. చేతిలో ఇంకోటి, సగం విడిపోయి ఉంది. పురుగు కోసమే చూస్తున్నారు. ఆవిడ పడీ పడీ నవ్వారు. అంత పెద్ద నవ్వు ఆఫీసులో నేనెప్పుడూ వినలేదు.

"మా అమ్మ నేర్పిందే," అన్నారు దగ్గుతూ. "ఇన్నేళ్ళుగా ప్రపంచానికి గుండ్లు అమ్ముతున్నాను. ఇంట్లో ఒక్క గుండు తిన్న పాపాన పోలేదు."

పళ్ళెంలోంచి నాలుగు బద్దలు ఏరి కిటికీ వెలుతురులో తిప్పి చూశారు. "అంచు చెదరలేదు. కత్తి గాటు లేదు. రంగు ఒకటే. ఇవి గుండ్లుగానే షెడ్డు దాటాయి, మీ ఆయన చేతిలో పడ్డాకే విడిపోయాయి. సరే, మొదటి డౌటు తీరింది. రెండోది నీ మొగుడే తీర్చాడు కానీ, నాకు కొనేవాడి నోటి నుంచి వినాలి."

వెంటనే ఫోన్ తీసి స్పీకర్ పెట్టారు. ఎడిసన్‌లో వీరాంజనేయులు గారని, చుట్టుపక్కల తెలుగు పెళ్ళిళ్ళన్నిటికీ ఆయనదే వంట.

"వీరాంజనేయులు గారూ, మీరు నా దగ్గర గుండ్లు కొంటారు కదా, వాటినేం చేస్తారు?"

"ఏం చేస్తామమ్మా, కూర్చుని విడదీస్తాం. పెళ్ళి ముందు రోజు మా వాళ్ళకి అదే పని. బొటనవేళ్ళు పట్టేస్తున్నాయని గొడవ."

"బద్దలే కొనుక్కోవచ్చుగా?"

"మంచివి ఎక్కడున్నాయమ్మా? బద్దలని చెప్పి నలుసులూ పొడీ అంటగడతారు. నిండు బద్ద, తెల్లగా, ఒకటే సైజు ఇవ్వండి, ఏడాది పొడుగునా తీసుకుంటాను. ట్రాయ్‌లో ఇదే వంటల పని చేసే మా బావమరిదిక్కూడా ఇప్పిస్తాను. కానీ నేతిలో పడితే ఎలా రంగు తిరుగుతుందో నా కళ్ళతో చూడాలి. రేపు గృహప్రవేశం వంట ఉంది, పొద్దున్నే పట్రండి."

ఫోన్ పెట్టేసి నళిని గారు కొంగు మీది బద్దలన్నీ జాగ్రత్తగా గిన్నెలోకి ఎత్తారు. "ఆయన సరేనంటే అక్కడే, ఆ పొయ్యి పక్కనే నిలబడి నెవాలాకి మాటిస్తాను. గుండ్లూ బద్దలూ కలిపి, పంట కాలమంతా. నాదీ ఒక షరతుంది. ఆ బాయిలర్ ఓనరే బాగు చేయించాలి. సరిగ్గా ఉడకని గింజ నాకొద్దు."

"రెహెమా ఎన్నాళ్ళ నుంచో అడుగుతున్నది అదేనండీ!"

"అయితే ఇద్దరం ఒకటే అడుగుతున్నాం. చెప్పు ఆవిడకి."

వీడియో కలిపాను. అక్కడ రాత్రయింది, రెహెమా వాకిట్లో లైటు కింద పీట మీద కూర్చుని ఉంది, పక్కన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఫోన్‌లోకి తొంగి చూస్తున్నారు. బద్దల కథ చెప్పాను. ఆమె దాన్ని తన వాళ్ళకి స్వాహిలీలో చెప్పింది. వాకిలంతా నవ్వు.

"పగలగొట్టింది నీ భర్తేనా?" అంది రెహెమా. "అతన్ని మా కమిటీలో వేసుకుంటాం. కోత షెడ్డు దగ్గరికి మాత్రం రానివ్వం."

"ఫీజు ఎంతనో అడుగు," అన్నాడు తేజ నా భుజం మీదుగా.

నళిని గారు ఫోన్ అందుకున్నారు. వీళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకోవడం అదే మొదటిసారి. బాయిలర్ గురించి చెప్పారు, తర్వాత "మీకు ఇంకేం కావాలి?" అని అడిగారు. వ్యాపారం చేసేవాళ్ళు అలా అడగడం నేను తక్కువగా విన్నాను.

రెహెమా తడుముకోలేదు. "వానాకాలంలో పనుండదు, అప్పుడు వేయించి డబ్బాల్లో నింపే పని కూడా ఇక్కడే పెడితే ఏడాదంతా పొయ్యి వెలుగుతుంది. ఫ్యాక్టరీలో పనివాళ్ళకి వాటా ఉండాలని మా కమిటీ కోరిక, ఓనరుతో అది మేమే తేల్చుకుంటాం, మీరు సరుకు కొంటూ ఉండండి చాలు. ఇంకొకటి. డబ్బా మీద మా ఊరి పేరు వెయ్యండి. మా గింజ ప్రపంచమంతా తిరిగింది, పేరు మాత్రం గడప దాటలేదు."

నళిని గారు నా వైపు తిరిగారు. "పేరు వేయడానికి ఏముంది? ఆ లేబుల్ పని నువ్వే చూడు దేదీప్యా." నేను అప్పటికే మనసులో అక్షరాలు దిద్దేస్తున్నాను, ఆకుపచ్చ మీద పసుపు.

"రేపు మీకు మధ్యాహ్నం దాటేసరికి మాట వస్తుంది," అన్నారు ఆవిడ రెహెమాతో. "నోటీసు కాయితం సిద్ధంగా పెట్టుకోమనండి మీ ఓనర్ని."

చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో ఆగి ఆవిడే అంతా పురమాయించారు. రేపు పొద్దున ఏడున్నరకి తేజ కారు తీయాలి. దారిలో ఆవిడని ఎక్కించుకోవాలి. మిగిలిన బద్దలు నా ఒళ్ళో, మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉండాలి. ఎడిసన్ వంటశాలలో నెయ్యి కాగగానే నేను రెహెమాకి వీడియో కలపాలి, తన బద్ద రంగు తిరగడం ఆమె కూడా చూడాలి. మాట అయిపోగానే పలాసకి ఫోన్ చెయ్యాలి. ఆ చివరిది మాత్రం నేనే కలుపుకున్నాను.

"ఇంక నువ్వు, బాబూ," అన్నారు నళిని గారు.

"నేనేం ముట్టుకోను మేడమ్. ఓన్లీ స్టీరింగ్," అన్నాడు తేజ, రెండు బొటనవేళ్ళూ గుప్పిట్లో దాచుకుని.